‘టేక్ ఆఫ్’: చొక్కా నుంచి విమానం దాకా

టేకాఫ్ అనగానే మనకు ముందు విమానమే తోస్తుంది. రన్‌వే మీద పరుగెత్తి, నేలను విడిచి పైకి లేవడం. తెలుగు పత్రికల్లో, టీవీ వార్తల్లో ఆ మాట ఎంతగా కలిసిపోయిందంటే దానికి అర్థం రాయాలని ఎవరికీ అనిపించదు. అదే మాట ఓ ఇంగ్లిష్ కథలోనో, ఆఫీసు మెయిల్‌లోనో ఎదురైతే మాత్రం చాలాసార్లు అక్కడ విమానం ఊసే ఉండదు. ఈ నాలుగు వాక్యాలు చూడండి.

‘షి టుక్ ఆఫ్ హర్ గ్లాసెస్.’ ఆమె కళ్లజోడు తీసింది.
‘ఐ యామ్ టేకింగ్ మండే ఆఫ్.’ సోమవారం నేను సెలవు పెడుతున్నాను.
‘హిజ్ బిజినెస్ హ్యాజ్ టేకెన్ ఆఫ్.’ అతని వ్యాపారం ఊపందుకుంది.
‘హి సా ద పోలీస్ అండ్ టుక్ ఆఫ్.’ పోలీసుల్ని చూసి ఉడాయించాడు.

కళ్లజోడుకీ సెలవుకీ, వ్యాపారానికీ పరుగుకీ ఏం సంబంధం? టేక్ అంటే తీసుకోవడం, ఆఫ్ అంటే ఆపేయడం అని బడిలో నేర్చుకున్నవారు ఆ రెండూ కలిపి చూస్తే ఏమీ తేలదు. నిఘంటువు తెరిస్తే అర్థాలు వరుస అంకెలతో బారులు తీరి ఉంటాయి. వాటిని బట్టీ పడతాం, నాలుగు రోజులకు మరచిపోతాం. అలా మరచిపోవడంలో చదివేవారి తప్పేమీ లేదు. తీగ లాగకుండా ఆకులు లెక్కపెట్టమన్న పద్ధతిదే ఆ తప్పు. టేక్ ఆఫ్ అర్థాలు దాదాపు అన్నీ ఒకే మొదలు నుంచి వచ్చాయి. ఆ మొదలు పట్టుకుంటే, ఎన్నడూ చూడని వాక్యానికి కూడా అర్థం మనమే రాబట్టుకోగలం.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు

ఒక మామూలు క్రియ పక్కన అప్, ఆఫ్, ఔట్, ఇన్ వంటి చిన్న మాట చేరి, రెండూ కలిసి ఒకే క్రియలా పనిచేస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఇవి పరాయి భాషవారిని తికమక పెట్టడం ఈనాటి సంగతి కాదు. 1755లో వెలువడిన తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్ ఇలాంటి జంటల గురించి ప్రత్యేకంగా రాశారు. విదేశీయులకు ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కష్టమైన చోటు ఇదేనని ఆయన గుర్తించారు.

అయితే తెలుగువారికి ఈ కిటుకు పుట్టుకతోనే తెలుసు. ‘రాయడం’ అన్న ఒక్క క్రియనే తీసుకోండి. ఫోన్ నంబరు రాసుకున్నాడంటే తన కోసం. అర్జీ రాసిపెట్టాడంటే మరొకరి కోసం. ఇల్లు కూతురికి రాసిచ్చాడంటే ఆస్తి చేతులు మారింది. పరీక్ష రాసేశాడంటే పని పూర్తయింది. రాత ఒకటే, వెనక చేరిన తోక మారగానే అర్థం మారిపోయింది. ‘కనిపెట్టు’ అన్న మాటలో చూపు ఉంది కానీ దేన్నీ ఎక్కడా పెట్టడం లేదు. అయినా కొత్త సంగతిని కనుగొనడానికీ, ఒకరి మీద ఓ కన్నేసి ఉంచడానికీ అదే మాట వాడతాం. మనం క్రియ వెనక మరో క్రియను తోకగా తగిలిస్తాం. ఇంగ్లిష్ వారు చిన్న మాటను తగిలిస్తారు. కాబట్టి ఫ్రేజల్ వెర్బ్ ఎదురైతే మొదట చూడాల్సింది ఆ తోకనే. టేక్ ఆఫ్‌లో అసలు బరువంతా ఆఫ్ మీదే ఉంది.

ఆఫ్ అంటే విడిపోవడం

ఒక ఎఫ్‌తో రాసి ‘ఆవ్’ అని పలికే మాటా, రెండు ఎఫ్‌లతో రాసే ‘ఆఫ్’ అన్న మాటా పాత ఇంగ్లిష్‌లో ఒకటే. ‘నుంచి’, ‘దూరంగా’ అన్నవి దాని అర్థాలు. ఒత్తి పలికినప్పటి రూపం క్రమంగా వేరుపడి, 17వ శతాబ్దం నాటికి రెండు ఎఫ్‌లతో సొంత మాటగా స్థిరపడింది. దూరం, విడివడడం అన్న భావం ఎక్కువగా దానికే దక్కింది.

ఇక్కడ ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. ఆఫ్‌కు మూలార్థం ‘ఆపేయడం’ కాదు. ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉన్నది దాని నుంచి విడిపోవడం. ఫ్యాన్ ఆఫ్ చేయడంలో ఉన్నదీ అదే. ఫ్యానుకూ కరెంటుకూ మధ్య కలయిక తెగింది, కాబట్టి ఆగింది. ఆగడం ఫలితం, విడిపోవడం మూలం. స్విచ్‌ల దగ్గర నేర్చుకున్న అర్థాన్నే అన్నిచోట్లా వాడబోయి మనం దారి తప్పుతాం.

ఇప్పుడు టేక్ ఆఫ్ వాడుకల్ని రెండు కుప్పలుగా విడదీద్దాం. ఒకరు దేన్నో విడదీసే వాక్యాలు ఒక కుప్ప. అంటే కర్మ ఉన్నవి, సకర్మకాలు. కర్త తనంతట తానే విడివడే వాక్యాలు రెండో కుప్ప. అంటే అకర్మకాలు. అర్థం తేలేది ఈ తేడా దగ్గరే.

ఒంటి మీది నుంచి తీసేవి

మొదటి కుప్పలో తరచుగా వినపడేది ఒంటి మీద ఉన్నవి తీయడం. తెలుగులో ఇక్కడ మనకు ఎన్నో క్రియలు ఉన్నాయి. చొక్కా విప్పుతాం, చెప్పులు విడుస్తాం, ఉంగరం తీస్తాం. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ టేక్ ఆఫ్ ఒక్కటే చాలు. దీనికి వ్యతిరేకం ‘పుట్ ఆన్’. ఒంటిని అంటిపెట్టుకున్నది విడివడుతోంది కాబట్టి ఆఫ్, వచ్చి అంటుకుంటోంది కాబట్టి ఆన్. గిన్నె మీది మూత, పుస్తకం మీది అట్ట వంటి వాటికీ ఇదే మాట సరిపోతుంది.

దీనికో హద్దు ఉంది. వస్తువు దేని పైనైనా ఉండాలి, లోపల ఉండకూడదు. జేబులోంచి తాళంచెవి తీస్తే అది ‘టేక్ ఔట్’. పైగా మన ‘తీయడం’ పరిధి చాలా పెద్దది. తలుపు తీస్తాం, ఫొటో తీస్తాం, కొన్ని ఇళ్లలో లైటు కూడా తీసేస్తారు. వీటికి టేక్ ఆఫ్ పనికిరాదు. ‘టేక్ ఆఫ్ ద డోర్’ అంటే వినేవాడికి తలుపును బందుల నుంచి ఊడదీయమన్నట్టు అర్థమవుతుంది. తలుపు తీయడానికి ‘ఓపెన్’, లైటుకు ‘టర్న్ ఆఫ్’ అనాలి.

ఇక మాటల వరుస. ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’ అన్నా, ‘టేక్ యువర్ షూస్ ఆఫ్’ అన్నా ఒప్పే. కానీ షూస్ బదులు సర్వనామం వస్తే దాని చోటు ఒక్కటే, మధ్యలో. ‘టేక్ దెమ్ ఆఫ్’ అనాలి. ‘టేక్ ఆఫ్ దెమ్’ అంటే తప్పు. ఇంగ్లిష్ వాక్యంలో చివరి చోటు సాధారణంగా బరువైన, కొత్త సమాచారానిది. ‘దెమ్’ అన్నది ముందే చెప్పుకున్న వస్తువుకు బదులుగా వచ్చిన తేలిక మాట కాబట్టి మధ్యలో ఒదుగుతుంది. కర్మ పొడవుగా ఉంటే దీనికి తలకిందులు. ‘నిన్న మనం కొన్న ఆ నల్ల షూస్’ అన్నంత పొడవున్న మాటల్ని టేక్‌కూ ఆఫ్‌కూ మధ్య ఇరికించరు, ఆఫ్ తర్వాతే పెడతారు.

‘రిమూవ్’ సంగతీ చెప్పుకోవాలి. గుడి ముందు బోర్డు మీద ‘రిమూవ్ యువర్ ఫుట్‌వేర్’ అని రాయడం సరైనదే. రిమూవ్ లాటిన్ మూలం నుంచి వచ్చిన మాట, కాస్త అధికారికంగా ధ్వనిస్తుంది. ఇంటికొచ్చిన అతిథితో మాత్రం ‘ప్లీజ్ టేక్ ఆఫ్ యువర్ షూస్’ అంటేనే చనువుగా, సహజంగా ఉంటుంది.

దేని నుంచి విడదీస్తున్నామో కూడా చెప్పాలంటే దాన్ని ఆఫ్ తర్వాత పెడితే సరిపోతుంది. ‘టేక్ యువర్ హ్యాండ్ ఆఫ్ మై షోల్డర్’ అంటే నా భుజం మీంచి చెయ్యి తియ్యి. ‘షి కుడ్ నాట్ టేక్ హర్ ఐస్ ఆఫ్ ద చైల్డ్’ అంటే పిల్లాడి మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. చొక్కా లాంటి వస్తువు నుంచి చూపు దాకా వచ్చేశాం. విడిపోవడం అన్న భావం మాత్రం మారలేదు.

లెక్కలోంచి, పనిలోంచి తీసేవి

అంటిపెట్టుకుని ఉండేవి కంటికి కనబడే వస్తువులే కానక్కర్లేదు. ధర వస్తువుకు అంటిపెట్టుకుని ఉంటుంది. ‘హి టుక్ 200 రుపీస్ ఆఫ్ ద ప్రైస్’ అంటే ధరలో 200 రూపాయలు తగ్గించాడు. ఆషాఢం రాగానే మన బట్టల కొట్ల ముందు కనిపించే ‘30 శాతం ఆఫ్’ బోర్డులోని ఆఫ్ ఇదే. 30 శాతం ధర నుంచి ఊడిపోయింది, 70 శాతం మనం కట్టాలి. స్పెల్లింగ్ తప్పులకు మార్కులు తగ్గించినా టేక్ ఆఫే.

రోజులకూ అంతే. ఉద్యోగి రోజులు పనికి కట్టుబడి ఉంటాయి. అందులోంచి ఒక రోజును విడదీస్తే ‘టేక్ ఎ డే ఆఫ్’. కాల్ సెంటర్లలో, ఆస్పత్రుల్లో, షాపింగ్ మాల్స్‌లో పనిచేసేవారి నోట వినపడే ‘వీకాఫ్’, ‘వీక్లీ ఆఫ్’ ఈ కుటుంబానివే. ఇక్కడ మాటల వరుస చూసుకోవాలి. ‘ఐ విల్ టేక్ టుమారో ఆఫ్’ అంటే రేపు సెలవు అన్నది స్పష్టం. ‘ఐ విల్ టేక్ ఆఫ్ టుమారో’ అంటే రేపు బయలుదేరతాను అన్న అర్థం కూడా వస్తుంది. రోజును మధ్యలో పెడితే ఈ గందరగోళం ఉండదు.

మనుషుల్ని కూడా ఒక పని నుంచో, జాబితా నుంచో విడదీయవచ్చు. ‘హి వజ్ టేకెన్ ఆఫ్ ద కేస్’ అంటే ఆ కేసు అతని చేతిలోంచి తప్పించారు. వెంటిలేటర్ మీదున్న రోగికి దాన్ని తొలగించినప్పుడు డాక్టర్లు ‘టేకెన్ ఆఫ్ ద వెంటిలేటర్’ అంటారు. ఆ మాట ఒక్కోసారి కోలుకున్నాడన్న శుభవార్త, ఒక్కోసారి కాదు. మాట చెప్పేది యంత్రం నుంచి విడదీశారని మాత్రమే. మిగతాది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ఒక బస్సు సర్వీసునో, నాటక ప్రదర్శననో నిలిపివేసినా ‘టేకెన్ ఆఫ్’ అంటారు.

తనంతట తాను నేలను విడిచేవి

రెండో కుప్పలో కర్మ ఉండదు. కర్తే దేన్నుంచో విడివడుతుంది. విమానాలు పుట్టకముందే ఈ మాట గెంతడానికి సంబంధించిన వాడుకలో ఉంది. దూకేవాడి పాదం నేలను విడిచే చోటు టేకాఫ్. లాంగ్‌జంప్‌లో అథ్లెట్ కాలు మోపి ఎగిరే చెక్కపలకను ఇప్పటికీ టేకాఫ్ బోర్డు అనే అంటారు. 1903 డిసెంబర్ 17న అమెరికాలోని నార్త్ కరొలైనాలో రైట్ సోదరుల విమానం తొలిసారి 12 సెకన్లపాటు ఎగిరింది. ఎగిరే యంత్రాలు వచ్చాక వాటికి మాట కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. నేలను విడవడానికి ఇంగ్లిష్‌లో మాట అప్పటికే సిద్ధంగా ఉంది.

శ్రీహరికోట నుంచి లేచే రాకెట్‌కు మాత్రం ‘లిఫ్ట్ ఆఫ్’ అంటారు. రాకెట్ రన్‌వే మీద పరుగెత్తదు, ఉన్నచోటి నుంచే నిలువునా లేస్తుంది. క్రియ మారింది. ఆఫ్ మారలేదు, ఎందుకంటే నేలను విడవడం రెండింటికీ ఒకటే.

మన విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తెలుగులో ‘విమానం టేకాఫ్ అయింది’ అంటాం కనుక ఇంగ్లిష్‌లో ‘ద ఫ్లైట్ ఈజ్ టేకాఫ్డ్’ అనో, ‘ద ఫ్లైట్ వజ్ టేకెన్ ఆఫ్’ అనో రాస్తారు. కాలం మార్పు టేక్‌కే జరగాలి: ‘ద ఫ్లైట్ టుక్ ఆఫ్’. విమానం తనంతట తాను లేస్తుంది కాబట్టి ఇక్కడ కర్మణి ప్రయోగం కుదరదు. ‘వజ్ టేకెన్ ఆఫ్’ అంటే ఎవరో ఆ సర్వీసునే తొలగించారన్న అర్థం వస్తుంది. ఒక్క ‘వజ్’ చేరడంతో ఎగిరిన విమానం రద్దయిన విమానం అయిపోతుంది.

మనిషి కర్త అయితే, హఠాత్తుగా, తొందరగా వెళ్లిపోవడం. ‘హి టుక్ ఆఫ్ వితౌట్ సేయింగ్ గుడ్ బై’ అంటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. ఇది చనువు మాట. స్నేహితులతో అనవచ్చు, పై అధికారికి రాసే ఉత్తరంలో ‘లెఫ్ట్’ అనడం మేలు.

ఒక మాట, 583 ప్రాణాలు

టేకాఫ్ అన్న మాటను ఎప్పుడు పలకాలో, ఎప్పుడు పలకకూడదో విమానయాన రంగంలో కచ్చితమైన నియమం ఉంది. దాని వెనక పెద్ద విషాదం ఉంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ ద్వీపంలో, లాస్ రోడియోస్ విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు కమ్మింది. డచ్ సంస్థ కేఎల్ఎంకు చెందిన బోయింగ్ 747 రన్‌వే చివర నిలిచి ఉంది. అమెరికా సంస్థ పానామ్‌కు చెందిన మరో 747 అదే రన్‌వే మీద ఇంకా నెమ్మదిగా కదులుతోంది. కేఎల్ఎం విమానం ఎగరడానికి అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టింది. అప్పుడు దాని కో పైలట్ రేడియోలో ‘వియ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అన్నారు.

ఎగరడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారని కంట్రోలర్ అనుకున్నారు. ఆగమని, తాను పిలుస్తానని బదులిచ్చారు. సరిగ్గా అదే క్షణంలో పానామ్ పైలట్లు కూడా మాట్లాడడంతో రేడియో సంకేతాలు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. ఆ హెచ్చరికలు కేఎల్ఎం కాక్‌పిట్‌కు స్పష్టంగా చేరలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది మరణించారు. విమానయాన చరిత్రలో ఇంత ప్రాణనష్టం జరిగిన ప్రమాదం మరొకటి లేదు.

కారణాలు చాలా ఉన్నాయి. పొగమంచు, తొందర, రేడియోలో అడ్డంకి. వాటిలో ఈ మాట తెచ్చిన అయోమయం కూడా ఒకటి. ‘ఎట్ టేకాఫ్’ అన్న మాటకు ఎగిరే చోట ఉన్నామనీ, ఎగిరే పనిలో ఉన్నామనీ రెండు రకాలుగానూ అర్థం చెప్పుకోవచ్చు. నామవాచకం బదులు ‘టేకింగ్ ఆఫ్’ అని క్రియగా అని ఉంటే రెండో అర్థమే వచ్చేది. ఆ ప్రమాదం తర్వాత రేడియో సంభాషణల నియమాలు మారాయి. ఇప్పుడు ‘టేకాఫ్’ అన్న మాటను ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు మాత్రమే పలకాలి. మిగతా అన్ని సందర్భాల్లో ‘డిపార్చర్’ అనాలి. నామవాచకానికీ క్రియకూ మధ్య తేడా వ్యాకరణ తరగతిలో చిన్న విషయంలా కనిపిస్తుంది. దాని విలువ ఎంతో చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఆ తేడా పలుకులోనూ ఉంది. నామవాచకంగా టేకాఫ్ ఒకే మాట, ఒత్తు ‘టేక్’ మీద పడుతుంది. క్రియగా రెండు మాటలు, ఒత్తు సాధారణంగా ‘ఆఫ్’ మీద పడుతుంది.

ఊపందుకోవడం, అనుకరించడం

విమానం లేచే తీరు నుంచే ‘ఊపందుకోవడం’ అన్న అర్థం బలపడింది. అమెరికన్ ఆర్థికవేత్త వాల్ట్ రోస్టో 1960లో ప్రచురించిన పుస్తకంలో దేశాల ఆర్థికాభివృద్ధిని ఐదు దశలుగా విభజించి, మూడో దశకు ‘టేకాఫ్’ అని పేరు పెట్టారు. జాతీయాదాయంలో పెట్టుబడి వాటా సుమారు 5 శాతం నుంచి 10 శాతం పైకి చేరడం ఆ దశకు ఒక గుర్తు అన్నారు. ఆ సిద్ధాంతం మీద విమర్శలు ఎన్నో వచ్చాయి. మాట మాత్రం ఆర్థికశాస్త్రంలో నిలిచిపోయింది. అంతవరకూ నెమ్మదిగా సాగిన ఒక దేశం ఒక్కసారిగా పైకి లేవడాన్ని ఒక్క మాటలో చూపించింది కాబట్టి.

అందుకే ‘టేక్ ఆఫ్’ అంటే ఊరికే ‘గెలవడం’ కాదు. కొంతకాలం నేల మీద నడిచి, తర్వాత హఠాత్తుగా లేవాలి. ఆ ఎత్తులో ఎంతకాలం ఉంటుందో ఈ మాట చెప్పదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ‘హర్ కెరీర్ టుక్ ఆఫ్’ అంటే ఆమె వృత్తి జీవితం ఊపందుకుంది. ‘షి టుక్ ఆఫ్’ అంటే సాధారణంగా ఆమె వెళ్లిపోయింది అనే. ఊపందుకోవడానికి కర్త వ్యాపారం, అమ్మకాలు, పాట, ఆలోచన వంటివి కావాలి.

చివరగా, ఈ వరుసలో తేలిగ్గా ఇమడని అర్థం ఒకటి ఉంది. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ఒకరి గొంతునీ నడకనీ అనుకరించి నవ్వించడాన్ని ‘టేక్ సమ్‌బడీ ఆఫ్’ అంటారు. మన నేరెళ్ల వేణుమాధవ్ సాధించిన ధ్వన్యనుకరణలో మనుషుల గొంతులను దింపేసే భాగానికి ఈ మాట సరిపోతుంది. ఒకరి మీంచి నకలు తీయడం అనుకుంటే గుర్తుంచుకోవడం సులువే కానీ, దీన్ని విడిగా నేర్చుకోవడం మంచిది. ఏ సూత్రమైనా భాష మొత్తాన్నీ పట్టలేదు. ఎక్కడ పనిచేయదో తెలిసినప్పుడే దాన్ని ధైర్యంగా వాడగలం.

వాక్యం ఎదురైనప్పుడు

టేక్ ఆఫ్ కనబడితే రెండు ప్రశ్నలు వేసుకోండి. కర్మ ఉందా? ఏది దేన్నుంచి విడిపోతోంది? ‘సేల్స్ టుక్ ఆఫ్ ఆఫ్టర్ దివాళీ.’ కర్మ లేదు, అమ్మకాలు వాటంతట అవే లేచాయి, అంటే దీపావళి తర్వాత ఊపందుకున్నాయి. ‘దే టుక్ ద డిష్ ఆఫ్ ద మెనూ.’ కర్మ ఉంది, వంటకాన్ని మెనూ నుంచి విడదీశారు, అంటే ఇక అది దొరకదు. నిఘంటువు ముట్టకుండానే రెండూ తేలాయి.

ఇదే తాళంచెవి మరికొన్ని మాటలకూ సరిపోతుంది. ‘కట్ ఆఫ్’లో సంబంధం తెగుతుంది. ‘బ్రేక్ ఆఫ్’లో ముక్క విరిగి వేరవుతుంది, కుదిరిన పెళ్లి తప్పిపోతుంది. ‘సెట్ ఆఫ్’లో ప్రయాణికుడు ఇల్లు విడుస్తాడు. ‘డ్రాప్ ఆఫ్’లో పిల్లాణ్ని బడి దగ్గర దింపుతాం. ‘ఫినిష్ ఆఫ్’, ‘పే ఆఫ్’ వంటి వాటిలో మాత్రం ఆఫ్ పూర్తి చేయడాన్ని సూచిస్తుంది. మన ‘తినేశాడు’, ‘కట్టేశాడు’లోని ‘ఏశాడు’కు అది దగ్గరగా ఉంటుంది.

ఫ్రేజల్ వెర్బ్స్ కోసం ఒక నోటుపుస్తకం పెట్టుకునేవారికి నా సలహా ఇదే. టేక్‌కు ఒక పేజీ, గెట్‌కు ఒక పేజీ అని క్రియల వారీగా రాయకండి. ఆఫ్‌కు ఒక పేజీ, అప్‌కు ఒక పేజీ, ఔట్‌కు ఒక పేజీ కేటాయించండి. కొత్త మాట దొరికినప్పుడల్లా దాన్ని తోక ఉన్న పేజీలో, సొంత వాక్యంతో సహా రాయండి. పేజీ నిండేకొద్దీ ఆ తోక స్వభావం మీకే అర్థమవుతుంది. అక్కడి నుంచి బట్టీ పట్టే పని తగ్గుతూ వస్తుంది.